మూడో తలుపు: డర్బన్ తెలుగువాళ్ళ జ్ఞాపకాలు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి పెరిగిన ముసలి తెలుగువాళ్ళని కదిలిస్తే ముందు మునిసిపాలిటీ పనివాళ్ళ వరస ఇళ్ళు, మాగజిన్ బారెక్స్ పేరు వస్తుంది. ఆ తర్వాత భారతీయుల కొట్ల వీధి గ్రే స్ట్రీట్, ఆ తర్వాత వాళ్ళ కూరగాయల తోటల పేట కేటో మానర్. వాళ్ళకు తెలిసిన రూపంలో ఆ మూడూ ఇప్పుడు లేవు. "ఆ రోజులే వేరు" అంటారు. సరే, ఆ రోజుల్లో ఏముండేదో చెప్పమని కూర్చోబెడితే ఏ బెంచీ మీద కూర్చోకూడదు, బస్సులో ఎక్కడ కూర్చోవాలి, ఏ కిటికీ దగ్గర నిలబడాలి అన్న లెక్కలన్నీ వరసగా దొర్లుకొస్తాయి. తీపిలోంచి చేదును ఏరి పక్కన పెట్టడం వాళ్ళ వల్ల కాదు, వినేవాళ్ళ వల్లా కాదు.

మనకు దక్షిణాఫ్రికా వివక్ష అనగానే 1893 జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్లో గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేసిన సంగతి గుర్తొస్తుంది. పాఠ్యపుస్తకం అక్కడితో ఆపేసింది. అది ఒక్క మనిషికి ఒక్క రాత్రి జరిగింది. దానికి ముందూ వెనకా కలిపి నూరేళ్ళకు పైగా నడిచిన ఒక యంత్రాంగం ఉంది. అందులో నలిగినవాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఆ యంత్రాంగం ఎలా పనిచేసేదో తెలియాలంటే డర్బన్ పోస్టాఫీసు తలుపుల దగ్గర మొదలుపెట్టాలి. 1890ల్లో దానికి రెండు ప్రవేశాలు ఉండేవి. ఒకటి తెల్లవాళ్ళకు, రెండోది ఆఫ్రికన్లకూ ఆసియావాళ్ళకూ కలిపి. కౌంటర్ దగ్గర గుమాస్తాలు నోటికొచ్చినట్టు తిడుతున్నారని, ఈ తేడా తీసెయ్యమని భారతీయులు అర్జీ పెట్టుకున్నారు. అధికారులు విన్నారు. విని, మూడో తలుపు పెట్టించారు. ఇప్పుడు తెల్లవాళ్ళకొకటి, ఆసియావాళ్ళకొకటి, ఆఫ్రికన్లకొకటి. 1896లో గాంధీ అచ్చువేసిన ఆకుపచ్చ అట్ట కరపత్రంలో ఈ సంగతి రెండు మూడు వాక్యాల్లో ఉంది. వివక్ష తీసెయ్యమంటే ఇంకో గడప కట్టించి ఇవ్వడం అన్న ఈ పద్ధతి తర్వాత తొంభై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి వెళితే లెక్కలు మొదలవుతాయి. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది. అప్పటి నుంచి 1911లో ఆపేసేదాకా డర్బన్ ఉన్న నేటాల్ వలసరాజ్యంలోని చెరకు తోటలకూ బొగ్గు గనులకూ రైలు పనులకూ వెళ్ళిన కూలీలు 1,52,184 మంది, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఏడాదికొక షిల్లింగు పెంపు. అంటే అయిదో ఏట 14. తిండి యజమానిది: బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. బియ్యం లేకపోతే మొక్కజొన్న. ఆ మొక్కజొన్న నూకనే అన్నంలా వండుకోవడం అక్కడ తరాల తరబడి అలవాటైపోయి, మీలీ రైస్ అన్న పేరుతో నిలబడింది. యజమాని చీటీ చేతిలో లేకుండా తోట దాటితే పోలీసులు పట్టుకోవచ్చు. ఫిర్యాదు చెయ్యడానికి వెళ్తున్నా సరే.

అయిదేళ్ళు అయ్యాక ఏం చెయ్యాలి? తిరిగొచ్చెయ్యాలి, లేదా ఇంకో ఒప్పందం రాసుకోవాలి. రెండూ వద్దు, ఇక్కడే కూరగాయలు పండించుకుని బతుకుతాం అన్నవాళ్ళను వెళ్ళగొట్టడానికి 1895లో మూడు పౌండ్ల పన్ను చట్టం చేశారు. తలకు ఏడాదికి మూడు పౌండ్లు. పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి మొత్తం 60 షిల్లింగులు. అయిదో ఏటి జీతగాడికి అది నాలుగు నెలల కూలికి పైనే. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కట్టాలి. తర్వాత ఆ పన్ను 16 దాటిన మగపిల్లలకూ 13 దాటిన ఆడపిల్లలకూ పాకింది. నలుగురున్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు, అంటే ఒక మనిషి ఏడాదిన్నర కూలి. మళ్ళీ ఒప్పందం రాయించుకున్నన్నాళ్ళు ఈ పన్ను లేదు. అందుకే ఎక్కువమంది చచ్చినట్టు మళ్ళీ వేలిముద్ర వేశారు. 1913లో భారతీయ కూలీలు చేసిన సమ్మె పెద్దదవ్వడానికి ఈ పన్ను ఒక ముఖ్య కారణం. మరుసటి ఏడాది అది రద్దయింది.

ఓడ దిగినవాళ్ళ పేర్లు రాసిన రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. వరసగా గడులుంటాయి: వలస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చే డర్బన్ తెలుగువాళ్ళు చేతిలో పట్టుకొచ్చేది ఈ నంబరునే. దాదాపు ప్రతివాళ్ళూ ఒకే చోట ఇరుక్కుంటారు. మద్రాసులో ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన ఊరి పేరు అది. శ్రీకాకుళం చికాకోల్ అయింది, విశాఖ విజగపటామ్ అయింది. అక్కడిదాకా ఊహించుకోవచ్చు. తాలూకా గడి ఖాళీగా ఉండి ఊరు "కొత్తపల్లి" అని ఉంటే మాత్రం దేవుడే దిక్కు. ఇంటిపేరు గడి లేనేలేదు. దాంతో మన ఇంటిపేర్లు సముద్రంలోనే జారిపోయాయి. చాలా ఇళ్ళల్లో నాయుడు అన్నది, ఏ కులం వాళ్ళకయినా, నాయ్డూ అయి ఇంటిపేరుగా కుదురుకుంది. ఆ నాయ్డూని చూసి తమిళులనుకునేవాళ్ళు అక్కడే బోలెడంతమంది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకోవడానికి ఈ గుర్తింపు బాధ కూడా కొంత కారణమనే అనిపిస్తుంది. అప్పుడు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడే, 1929 నుంచి 1932 దాకా.

ఇక మాగజిన్ బారెక్స్. డర్బన్ మునిసిపాలిటీ తన భారతీయ పనివాళ్ళ కోసం 1880 నుంచి సొమ్‌ట్సూ రోడ్డు పక్కన కట్టిన వరస ఇళ్ళు. వీధులు ఊడ్చేవాళ్ళు, మరుగుదొడ్ల బకెట్లు మోసేవాళ్ళు, తోటమాలులు అక్కడ ఉండేవాళ్ళు. ఎక్కువగా తమిళులూ తెలుగువాళ్ళే. కుటుంబానికి ఇరుకు గది. కుళాయిలూ దొడ్లూ ఉమ్మడి. పక్కింటి దగ్గు కూడా వినిపించేటంత దగ్గరదనం. అక్కడి మనుషులు ఇప్పటికీ చెప్పుకునేవి గుడి, రామభజన, నాటకాలు, ఫుట్‌బాల్ జట్లు. శనివారం రాత్రి భజన మొదలైతే తెల్లారేదాకా మృదంగం ఆగేది కాదంటారు. ఆ ఉమ్మడితనం ఇరుకులోంచి పుట్టిందని వాళ్ళకూ తెలుసు. తెలిసే తలచుకుంటారు.

సెలవుల లెక్క కూడా పండుగలను మార్చేసింది. చెరకు తోటల్లో మన పండుగలకు సెలవు లేదు, ఈస్టర్‌కు ఉంది. అందుకే ఇసిపింగోలోనూ మౌంట్ ఎడ్జ్‌కూంబ్‌లోనూ మారియమ్మ జాతరలు గుడ్ ఫ్రైడే నాటికి సర్దుకున్నాయి. ఇప్పటికీ అప్పుడే జరుగుతాయి.

గ్రే స్ట్రీట్ మాట ఎత్తితే బన్నీ చౌ గురించి, అంటే డొల్ల చేసిన రొట్టెలో కూర పోసి ఇచ్చే తిండి గురించి, చెప్పకుండా దాటడం అన్యాయం. ఇంగ్లీషులో బన్నీ అంటే కుందేలే అయినా, కుందేలుతో దానికేం సంబంధం లేదు. అమ్మిన గుజరాతీ వ్యాపారులను బనియా అనేవాళ్ళు, అది నోళ్ళలో నలిగి బన్నీ అయింది. పుట్టుక గురించి రెండు మూడు కథలు నడుస్తాయి. ఎక్కువగా చెప్పేది ఇది: ఆఫ్రికన్లను హోటల్లో కూర్చోబెట్టి వడ్డించడానికి వీల్లేదు, వెనక కిటికీలోంచి ఇవ్వాలి. కంచం ఇస్తే తిరిగి రాదు, రొట్టెలో చుట్టిస్తే కూర కారిపోతుంది. అందుకని రొట్టెనే గిన్నె చేశారు. గోల్ఫ్ మైదానాల్లో సంచులు మోసే కుర్రాళ్ళ కోసం పుట్టిందని ఇంకో కథ. ఏది నిజమైనా, కుర్చీ లేని మనిషి నిలబడి తినడానికి తయారైన తిండి అది.

చేసే పద్ధతి ఇలా. ముక్కలు కొయ్యని తెల్ల రొట్టె కావాలి, 700 గ్రాములది, నాలుగు పలకలుగా ఉన్నది. దాన్ని అడ్డంగా నాలుగు సమాన ముక్కలు కోస్తే నాలుగు క్వార్టర్లు వస్తాయి. కోసిన వైపు నుంచి అంచుకు ఒక వేలు వెడల్పు వదిలి, కత్తి మొనతో చుట్టూ గీసి, లోపలి మెత్తటి భాగాన్ని ఒకే ముద్దగా పైకి లాగాలి. అడుగున రెండు వేళ్ళ మందం మిగలాలి. రొట్టె చివరి ముక్కలకు అడుగున గట్టి పెచ్చు ఉంటుంది కాబట్టి అవి నిలబడతాయి. మధ్య ముక్కలకు అడుగున పెచ్చు ఉండదు, జాగ్రత్త అక్కడే. లాగిన ముద్దను పారెయ్యకూడదు, అది మూత. డర్బన్ కుర్రాళ్ళు దాన్ని వర్జిన్ అంటారు, దాని కోసం కొట్టుకుంటారు.

మొదట్లో లోపల పోసింది చిక్కుడు గింజల కూరే, మాంసం తర్వాత వచ్చింది. నాలుగు క్వార్టర్లకు పావుకిలో షుగర్ బీన్స్ అనే ఎండు చిక్కుడు గింజలు రాత్రి నానబెట్టి మెత్తగా ఉడకబెట్టాలి. నాలుగు చెంచాల నూనెలో దాల్చినచెక్క, సోంపు, జీలకర్ర, ఒక ఉల్లిపాయ, కరివేపాకు వేయించి, మంట తగ్గించి రెండు చెంచాల కారం మసాలా నూనెలోనే అరనిమిషం తిప్పాలి. ఎర్రటి నూనె తేలుతుంది. అరనిమిషం దాటితే మాడి చేదెక్కుతుంది, ఆ చేదు ఇక పోదు. అల్లం వెల్లుల్లి, రెండు టమాటాలు, పెద్ద ముక్కలుగా కోసిన రెండు బంగాళాదుంపలు వేసి, దుంపలు సగం ఉడికాక గింజలు కలపాలి. దించే ముందు ఒక దుంప ముక్కను గరిటెతో చిదిపితే గుజ్జు చిక్కబడుతుంది. ఈ పని మర్చిపోతే పులుసు పలచగా ఉండి అయిదు నిమిషాల్లో అడుగు నానిపోయి ఒళ్ళో పడుతుంది. పక్కన క్యారెట్, ఉల్లి, పచ్చిమిరప తురుము, మీద కొంచెం వెనిగర్. తినేటప్పుడు ముందు మూత ముంచుకు తినాలి, తర్వాత పైఅంచు నుంచి కొద్దికొద్దిగా తుంచుకుంటూ కిందికి దిగాలి. కూర మట్టం కన్నా కిందికి గోడ తుంచినవాడు కొత్తవాడని అందరికీ తెలిసిపోతుంది. చెంచా అడిగితే నవ్వుతారు.

వెనక కిటికీ అన్నప్పుడు మనకు అర్థంకానిదేమీ లేదు. మన ఊళ్ళల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎవరు కనిపెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ గోల్ఫ్ కుర్రాళ్ళలోంచే పాప్వా సెవ్‌గోలమ్ అనే భారతీయ ఆటగాడు వచ్చాడు. చేతులు తిరగేసి కర్ర పట్టుకునేవాడు, ఎడమచెయ్యి కింద, కుడిచెయ్యి పైన. 1959లోనూ 1960లోనూ డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్ గెలిస్తే, క్లబ్బు లోపలికి రానివ్వడానికి వీల్లేదని వర్షంలో బయట నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. తడుస్తున్న ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. హోటళ్ళదీ ఇదే వరస. డర్బన్ సముద్రం ఒడ్డు హోటళ్ళలో తెల్ల దుస్తులు తొడుక్కుని వడ్డించేవాళ్ళు భారతీయులే, పేరున్న వెయిటర్లు. డ్యూటీ దిగాక అదే హాల్లో కుర్చీ లాక్కుని కూర్చోవడానికి మాత్రం వీల్లేదు.

ఇదంతా 1948 కన్నా ముందే ఉంది. ఆ ఏడాది ఎన్నికల్లో తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ గెలిచాక జరిగింది, ఉన్నదాన్ని చట్టంలో బిగించడం. 1953 నాటి వేరు సదుపాయాల చట్టం చూడండి. కేప్‌టౌన్ స్టేషన్ వెయిటింగ్ రూం కేసులో పై కోర్టు, వేరుగా పెట్టినప్పుడు సమానంగా అయినా ఉండాలని చెప్పింది. వెంటనే ప్రభుత్వం చట్టం తెచ్చి, సదుపాయాలు సమానంగా లేవన్న కారణంతో వేర్పాటు చెల్లకుండా పోదని రాసేసింది. అంతవరకూ కొంచెం సిగ్గు మిగిలి ఉండేది, ఆ వాక్యంతో అదీ పోయింది. పార్కు బెంచీలు, పోస్టాఫీసు వరసలు, వంతెన మెట్లు, అంబులెన్సులు అన్నీ దీని కిందికి వచ్చాయి. డర్బన్ మునిసిపల్ బస్సుల్లో మనవాళ్ళకు పైఅంతస్తులో వెనక వరసలు. అవి నిండితే కింద సీట్లన్నీ ఖాళీగా ఉన్నా తర్వాతి బస్సే. సముద్రాన్ని కూడా కోశారు. 1989 దాకా తీరంలో ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ భాషల్లో బోర్డులుండేవి: బీచ్ నిబంధనల 37వ సెక్షన్ ప్రకారం ఈ స్నానఘట్టం తెల్లజాతి వారికి మాత్రమే. బోర్డుకు ఆనుకుని అవతల మనకు వదిలిన ముక్క.

ఎవరు ఏ జాతో తేల్చడానికి 1950లో జనాభా నమోదు చట్టం వచ్చింది. అనుమానమొస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి, తల ఊపితే జారిందా ఇరుక్కుందా అని చూడటం దాకా వెళ్ళింది వ్యవహారం. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు జాతులుగా నమోదైన ఇళ్ళున్నాయి. తర్వాత వచ్చిన 13 అంకెల గుర్తింపు నంబరులో మొదటి ఆరు పుట్టినతేదీ, తర్వాతి నాలుగు ఆడామగా వరస, ఆ తర్వాతి రెండంకెల్లో పౌరసత్వం, జాతి దాచారు. తెల్లవాళ్ళకు 00, భారతీయులకు 05. బ్యాంకు గుమాస్తా ముఖం చూడక్కర్లేదు, నంబరు చాలు. ఆఫ్రికన్లకు వేరే పుస్తకం, దాన్ని ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరగాలి, లేకపోతే జైలు. మనవాళ్ళకు ఆ పుస్తకం లేదు. కానీ నేటాల్ దాటి పక్క రాష్ట్రం ట్రాన్స్‌వాల్ వెళ్ళాలంటే 1975 దాకా పర్మిట్ రాయించుకోవాలి. ఇంకో పక్క రాష్ట్రం ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అయితే దాటుకుని పోవడమే, కాపురం ఉండటానికి వీల్లేదు. 1891 నాటి ఆ నిషేధం 1980ల మధ్య దాకా నడిచింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాత్రం ఏ పేటలో ఏ జాతి ఉండాలో విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం. చేతితో ముట్టుకోకుండా ఊరిని ఎలా లేపెయ్యొచ్చో దాని అంచెలు చూస్తే తెలుస్తుంది. మొదట బోర్డు ఒక మ్యాపు ప్రకటిస్తుంది. తర్వాత విచారణ, అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, లాయర్లను పెట్టుకోవచ్చు, నెలల తరబడి మాట్లాడొచ్చు. తర్వాత గెజిట్‌లో ప్రకటన. ఆ రోజు నుంచి అది ఫలానా జాతి ప్రాంతం. మిగతావాళ్ళకు గడువుతో నోటీసు. డర్బన్‌లో పెద్ద ప్రకటన 1958లో వచ్చింది.

ఇల్లు అమ్ముకోవచ్చు కదా అంటారు. అమ్ముకోవచ్చు, ఆ ప్రాంతం ఏ జాతిదో ఆ జాతివాళ్ళకే. అధికారులు ఇంటికి ఒక మూలవిలువ కడతారు. 1955 నాటి చట్టం లెక్క ఇది: మూలవిలువ కన్నా తక్కువకు పోతే తేడాలో 80 శాతం బోర్డు ఇస్తుంది, ఎక్కువకు పోతే తేడాలో 50 శాతం బోర్డు తీసుకుంటుంది. వెయ్యి పౌండ్ల విలువ కట్టిన ఇల్లు 800కు అమ్మితే 160 వస్తాయి, 40 నష్టం. 1,200కు అమ్మితే వంద బోర్డుకు. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కిటుకంతా మూలవిలువ దగ్గరుంది. దాన్ని కట్టేది వాళ్ళే. పైగా ముందుగా కొనే హక్కు బోర్డుకే ఉంది. పెరట్లో మామిడి చెట్టుకు, ఇరవై ఏళ్ళు ఎరువు పోసిన కూరమడికి, నడిచి వెళ్ళగలిగే కొట్టుకు ఆ లెక్కలో గడి లేదు. అద్దెకున్నవాళ్ళ సంగతి అసలు ఎవరికీ పట్టలేదు.

అలా బారెక్స్ వాళ్ళూ కేటో మానర్ తోటలవాళ్ళూ 1960ల్లో చాట్స్‌వర్త్ చేరారు. అది కూడా అంతకుముందు భారతీయుల అరటితోటలే, వాళ్ళ దగ్గర లాక్కున్నవే. నగరానికి దక్షిణంగా, ఆఫ్రికన్ల ఉమ్లాజీకీ తెల్లవాళ్ళ పేటలకూ మధ్య అడ్డుగోడలా పడేటట్టు గీశారు. మొత్తం 11 యూనిట్లు. వీధులకు పేర్లు లేవు, నంబర్లే. ఏడో యూనిట్ అయితే రోడ్డు 701, 702, అలా. ఉమ్మడి వసారాలో బతికిన అవ్వలు ఒకే మూసలో పోసిన ఇళ్ళ మధ్య తమ ఇల్లు గుర్తుపట్టలేక తిరిగారు. నడిచి పనికి వెళ్ళిన మనిషి ఇప్పుడు రెండు పూటలా బస్సు ఛార్జీ పెట్టుకోవాలి, జీతం మాత్రం అదే. ఒక్కటి చెప్పాలి, లోపల కుళాయి, సొంత దొడ్డి చాలామందికి మొదటిసారి వచ్చింది అక్కడే. బారెక్స్‌ని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళే ఈ మాట కూడా చెబుతారు.

చదువుదీ ఇదే దారి. భారతీయ పిల్లల బడులు చాలావరకు చందాలతో కట్టినవే, జనం ఒక పౌండు పోగుచేస్తే ప్రభుత్వం ఒక పౌండు వేసేది. గదులు చాలక ఒకే బడిలో పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి. తెలుగు చెప్పింది గుళ్ళూ మహాసభ పాఠశాలలూ. సర్కారు బడుల్లోకి భారతీయ భాషలు 1984లో గానీ రాలేదు, అప్పటికి ఇళ్ళల్లో ఇంగ్లీషే మిగిలింది. 1961లో భారతీయులకు ప్రత్యేకంగా యూనివర్సిటీ కాలేజీ పెట్టారు. ఎక్కడ? డర్బన్ రేవు మధ్య సాలిస్‌బరీ దీవిలో, నౌకాదళం ఖాళీ చేసిన షెడ్లలో. విద్యార్థులు రోజూ పడవెక్కి క్లాసుకు వెళ్ళేవాళ్ళు. 1972లో వెస్ట్‌విల్ కొండకు మారేదాకా అంతే.

ఇంతా చెప్పి, మధ్య మెట్టు మీద ఉన్నవాళ్ళ సంగతి దాటేస్తే మోసమే అవుతుంది. కింది మెట్టు ఆఫ్రికన్లది, వాళ్ళ భూమి మీదే. 1949 జనవరి 13న విక్టోరియా స్ట్రీట్ దగ్గర ఒక భారతీయుడు ఒక ఆఫ్రికన్ కుర్రాణ్ణి కొట్టాడన్నదానితో రేగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు: ఆఫ్రికన్లు 87, భారతీయులు 50, మిగతా అయిదుగురు. బస్సు ఛార్జీలు, కొట్టులో ధరలు, గది అద్దెలు, మాట తీరు, ఎన్నేళ్ళ కోపమో అందులో ఉంది. ఆఫ్రికన్లకు భూమి కొనే హక్కు లేకుండా చేసింది తెల్ల ప్రభుత్వం. అద్దె వసూలు చేసుకోవడానికి రోజూ ఎదురుపడింది మాత్రం మనవాళ్ళు. ముసలివాళ్ళు ఈ ఏడాది గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు.

1984లో మూడో తలుపు మళ్ళీ తెరిచారు, ఈసారి పార్లమెంటుకే. తెల్లవాళ్ళకు 178 సీట్ల సభ, కలర్డ్ అని రాసిన మిశ్రమ జాతి వాళ్ళకు 85, భారతీయులకు 45. ఆఫ్రికన్లకు సున్నా. మూడు సభలూ వేర్వేరు. మిగతా రెండూ కలిపినా 178 దాటదు, కూడి చూసుకోండి. ఓటు నమోదు చేసుకున్న భారతీయుల్లో అయిదోవంతు మందే వెళ్ళి ఓటేశారు. 1896 నాటి తలుపు తాతలకు తెలుసు, మనవలు ఈసారి గడప తొక్కలేదు.

మన వైపు నుంచి కూడా ఒక తలుపు మూసి ఉండేది. 1946లో దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం భారతదేశమే. పాత భారతీయ పాస్‌పోర్టుల్లో దక్షిణాఫ్రికా తప్ప అన్ని దేశాలకూ చెల్లుతుందన్న మాట మన ఇళ్ళల్లో బీరువాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. అది సరైన పనే. కాకపోతే విజయనగరం వైపు అన్నదమ్ముల పిల్లలకూ డర్బన్ అన్నదమ్ముల పిల్లలకూ మధ్య ఉత్తరాలు కూడా ఆ యాభై ఏళ్ళలోనే సన్నగిల్లి ఆగిపోయాయి.

చట్టాలు 1990, 91ల్లో పోయాయి. 1994 తర్వాత పోయిన భూమికి హక్కు అడగొచ్చన్నారు, గడువు 1998 డిసెంబరు 31. పట్టా ఉన్నవాళ్ళే కాదు, ఖాళీ చేయించేనాటికి పదేళ్ళు వరసగా ఉన్నవాళ్ళూ అడగొచ్చు. పదేళ్ళు ఉన్నట్టు చూపించే కాగితం ఏది? పన్ను రసీదు ఇంటాయన పేరు మీద, ఇంటాయన పోయాడు, పేరు స్పెల్లింగు మూడు చోట్ల మూడు రకాలు. బడి అడ్మిషన్ రిజిస్టరు, గుడి చందా పుస్తకం, పెళ్ళి శుభలేఖ మీద చిరునామా, ఇలాంటివి వెతుక్కున్నారు జనం.

కేటో మానర్ నుంచి అందర్నీ లేపేశాక అక్కడ అనుకున్నట్టుగా తెల్లవాళ్ళ పేట రాలేదు. చాలా భాగం ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి పడుంది. గుళ్ళను మాత్రం కూల్చలేదు. సెకండ్ రివర్ దగ్గర 1947లో కట్టిన అంబలవానర్ గుడి చుట్టూ ఇళ్ళన్నీ పోయి ఒంటరిగా నిలబడింది. 1980లో దాన్ని జాతీయ స్మారకం చేశారు. గుండం తొక్కే రోజున చాట్స్‌వర్త్ నుంచి బస్సులు వస్తాయి. పూజయ్యాక కొంతమంది ఏటిగట్టు వెంట గడ్డిలోకి నడుస్తారు, పునాది రాయి దొరికితే ఆగుతారు, పిల్లలకు చూపిస్తారు: ఇది వంటిల్లు, అది కరివేపాకు చెట్టు, ఇదిగో ఇక్కణ్ణుంచి బారెక్స్ పెద్దమ్మ వాళ్ళింటికి నడిచే వెళ్ళేవాళ్ళం.